పికప్ అంటే ఏం ఎత్తుకోవాలి? ఒక ఇంగ్లిష్ మాటను ‘కో’తో పట్టుకోవడం ఎలా

ఉద్యోగంలో చేరిన కొత్తలో మీటింగ్ మినిట్స్, అంటే మీటింగ్‌లో ఎవరేమన్నారో రాసిపెట్టే పని నాకు అప్పజెప్పారు. ఓ రోజు రాత్రి ఎనిమిదింటికి కాల్. సర్వర్లు మార్చాలి, దానికయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దాని మీద గంటసేపు నడిచింది. చివరికి అవతలి క్లయింటు “వుయ్ విల్ పిక్ అప్ ది కాస్ట్” అన్నాడు. నేను చక్కగా ‘ఖర్చు పెరుగుతుందని క్లయింటు చెప్పారు’ అని రాసి అందరికీ మెయిల్ కొట్టేశాను.

అందులో నా తప్పేమీ లేదనే ఇప్పటికీ అనిపిస్తుంది. ‘వ్యాపారం పికప్ అయింది’, ‘బండికి పికప్ బాగుంది’ అని వింటూ పెరిగిన చెవికి పికప్ అంటే పెరగడమే. ఆయనన్నది మాత్రం ‘ఆ ఖర్చేదో మేమే పెట్టుకుంటాం’ అని. మర్నాడు పొద్దున్నే మేనేజర్ నా సీటు దగ్గరికొచ్చి, గొంతు పెంచకుండా, “పెరుగుతుందని ఎవరన్నారమ్మా?” అని అడిగాడు. గొంతు పెంచి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఆదివారాలు అమీర్‌పేటలో కొందరు హాస్టల్ పిల్లలకు స్పోకెన్ ఇంగ్లిష్ చెప్తుంటాను. “అక్కా, పిక్ అప్‌కి ఎన్ని అర్థాలు?” అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. పెద్ద డిక్షనరీ తెరిస్తే వరసగా బోలెడు కనిపిస్తాయి. ఆ లిస్టు బట్టీ పట్టకండి. పట్టినా ఎల్లుండికి ఉండదు. ఇది మన మొద్దుతనం కాదు. 1755లో ఇంగ్లిష్ డిక్షనరీ తయారుచేసిన శామ్యూల్ జాన్సనే ముందుమాటలో ఒప్పుకున్నాడు: క్రియ వెనక ఓ చిన్న మాట తగిలించి అర్థం మార్చేయడం ఇంగ్లిష్‌లో చాలా ఎక్కువని, బయటివాళ్లకు అన్నిటికన్నా కష్టంగా ఉండేది అదేనని. ఇలాంటి వాటినే ఫ్రేజల్ వెర్బ్ అంటారు. లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో తన పుస్తకంలో ఆ పేరు వాడుతూ, అది ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ ఎడిటర్ హెన్రీ బ్రాడ్లీ సూచించిన పేరని చెప్పాడు. పేరుతో మనకు పెద్ద పని లేదు. వాడకంతోనే పని.

మొదలుపెట్టే ముందు ఒక్కమాట. క్రియగా వాడినప్పుడు దీన్ని రెండు ముక్కలుగా ‘పిక్ అప్’ అని, నామవాచకమైతే కలిపి ‘పికప్’ అని రాస్తున్నాను. ఇంగ్లిష్‌లోనూ అంతే. క్యాబ్ యాప్‌లో ఉండే పికప్ పాయింట్ ఒకటే మాట, డ్రైవర్ చేసే పిక్ అప్ రెండు మాటలు.

మొదటి పని: తెలుగులో ‘కో’ వస్తుందేమో చూడండి

క్లాసులో ఒకరోజు బోర్డు మీద పిక్ అప్ వాడిన వాక్యాలు రాసి, పక్కన తెలుగు రాయమన్నాను. పిల్లలు రాసినవి ఇవీ: ఎత్తుకో, ఎక్కించుకో, తీసుకురా, కొనుక్కో, అంటుకో, అందుకో, పుంజుకో, ఖర్చు పెట్టుకో. అన్నీ అయ్యాక వెనక బెంచీ అమ్మాయి లేచి “అక్కా, అన్నిట్లో ‘కో’ ఉంది” అంది. అన్నేళ్లుగా చెప్తున్నా నాకు తట్టలేదు.

ఆ అమ్మాయి పట్టుకున్నది చిన్న విషయమేం కాదు. ఈ ‘కో’ అసలు రూపం ‘కొను’. అదేం చేస్తుంది? పనిని చేసేవాడి వైపు తిప్పుతుంది. ‘బిడ్డను ఎత్తు’ అంటే పైకి లేపడం. ‘బిడ్డను ఎత్తుకో’ అంటే లేపి చంకనేసుకోవడం. పిక్ అప్ కూడా చాలాసార్లు ఇదే పని చేస్తుంది. బయట ఎక్కడో ఉన్నదాన్ని తన దగ్గరికి, తన బండిలోకి, తన నోటికి, తన ఒంట్లోకి, తన లెక్కలోకి తెచ్చుకోవడం.

‘కో’ లేని ఎత్తు మాత్రం వేరే దారి. ‘చెయ్యి ఎత్తు’ అంటే రెయిజ్ యువర్ హ్యాండ్. ‘ఇప్పుడు ఆ విషయం ఎత్తకు’ అంటే డోంట్ బ్రింగ్ దట్ అప్. ఈ రెండో దాంట్లో పిక్ అప్ వాడి ఇరుక్కున్న వాళ్లను చాలామందిని చూశాను. ‘డోంట్ పిక్ అప్ దట్ టాపిక్’ అంటే విషయం ఎత్తొద్దని అవతలివాళ్లకు చేరదు. వదిలేసిన విషయాన్ని మళ్లీ కొనసాగించొద్దు అన్నట్టు వింటారు. రెంటికీ తేడా ఉంది.

ఈ పరీక్ష అన్నిచోట్లా పనిచేయదని కూడా ముందే చెప్పేస్తున్నా. ‘పడుకో’లోనూ ‘కో’ ఉంది, దానికీ పిక్ అప్‌కీ చుట్టరికం లేదు. చిట్‌ఫండ్‌లో ‘చీటీ ఎత్తుకున్నాడు’ అంటే పిక్ అప్ కాదు. ‘పాట ఎత్తుకున్నాడు’ కూడా కాదు. అటువైపు ‘ఫోన్ ఎత్తు’లో ‘కో’ లేకపోయినా అది పిక్ అప్పే. అంచేత ‘కో’ను తాళంచెవి అనుకోకండి, తలుపు ఎటువైపుందో చూపించే వేలు అనుకోండి.

రెండో పని: దాని వెనక ఏదైనా ఉందా?

నా మినిట్స్ గొడవ ఇక్కడే జరిగింది. వాక్యంలో పిక్ అప్ వెనక ఒక వస్తువో, మనిషో, ఖర్చో ఉంటే ఎవరో దాన్ని ఎత్తుకుంటున్నారు. వెనక ఏమీ లేకపోతే ముందున్నదే లేచి కదులుతోంది. ‘వుయ్ విల్ పిక్ అప్ ది కాస్ట్’లో కాస్ట్ వెనక ఉంది, కాబట్టి వాళ్లు దాన్ని నెత్తిన వేసుకుంటున్నారు. ‘సేల్స్ విల్ పిక్ అప్’లో వెనక ఏమీ లేదు. అమ్మకాలే పుంజుకుంటాయి.

ఈ పుంజుకోవడాన్ని కాస్త జాగ్రత్తగా పట్టుకోవాలి. మందకొడిగా ఉన్నది మళ్లీ కదిలితేనే ఈ మాట. రంజాన్ నెల మొదలైతే హలీం బట్టీల దగ్గర బిజినెస్ పిక్స్ అప్. మే నెల సాయంత్రం ఉక్కపోసి, ఆకు కదలకుండా ఉండి, ఉన్నట్టుండి దుమ్ము లేస్తే ‘ది విండ్ పిక్డ్ అప్’. జ్వరంతో నాలుగు రోజులు మంచం మీదున్న నానమ్మ లేచి కూర్చుని చారన్నం అడిగితే ‘షి ఈజ్ పికింగ్ అప్’, అంటే కోలుకుంటోంది. టమాటా కిలో 30 నుంచి 80కి పోతే మాత్రం అది మామూలుగా ‘వెంట్ అప్’. పెరిగిన ప్రతిదీ పిక్ అప్ కాదు. ఆ రోజు ఆ క్లయింటు నిజంగా ఖర్చు పెరుగుతుందని చెప్పాలనుకుంటే ‘ది కాస్ట్ విల్ గో అప్’ అనేవాడు. ఇది నాకు అప్పుడే తెలిసుంటే ఆ మెయిల్ వెళ్లేది కాదు.

వెనక ఏమీ లేకపోయినా పుంజుకోవడం కాని సందర్భం ఒకటుంది. ‘ఐ కాల్డ్ హిమ్ త్రీ టైమ్స్, హి డిడ్న్ట్ పిక్ అప్.’ ఇక్కడ ఫోన్ అన్న మాట మింగేశారు. ముందున్నది మనిషై, మాట ఫోన్ గురించి అయితే ఎత్తలేదనే.

మూడోది: ఎక్కించుకోవడం, దించడం

హైదరాబాద్‌లో ఈ మాట రోజుకు పదిసార్లు చెవిన పడేది ఇక్కడే. క్యాబ్ బుక్ చేసి నిమిషం కాకుండానే ఫోన్ వస్తుంది.

“మేడమ్, డ్రాప్ ఎక్కడ?”

“కొండాపూర్ అండీ.”

“క్యాషా, ఆన్‌లైనా?”

“క్యాషే.”

“సరే, యాడున్నరు మీరు?”

“పికప్ పాయింట్ దగ్గరే. మెట్రో మెట్ల కింద.”

“పికప్ నాకు రోడ్డుకు అవతల చూపిస్తుంది. యూటర్న్ జేసుకొని రావాలంటే పది నిమిషాలైతది. మీరే జర దాటి రాండ్రి.”

దాటి వెళ్లాం, ఎక్కాం. ఈ జరిగింది ఇంగ్లిష్‌లో చెప్పాలి. చాలామంది చెప్పేది: ‘హి పిక్డ్ మీ అండ్ డ్రాప్డ్ మీ.’ ఇందులో రెండు చిన్న మాటలు రోడ్డు మీద పడిపోయాయి. చెప్పాల్సింది ‘హి పిక్డ్ మీ అప్ నియర్ ద మెట్రో స్టేషన్ అండ్ డ్రాప్డ్ మీ ఆఫ్ ఇన్ కొండాపూర్.’ ఎక్కించుకోవడానికి అప్, దించడానికి ఆఫ్. ‘డ్రాప్డ్ మీ’ని ఆఫ్ లేకుండా కూడా అంటారు, నడుస్తుంది. ‘పిక్డ్ మీ’ని అప్ లేకుండా అంటే అర్థమే మారిపోతుంది.

ఎందుకంటే ఒంటరి పిక్ అంటే ఏరడం, ఎంచుకోవడం, కోయడం. మల్లెపూలు కోస్తే పిక్. నలుగురిలో ఒకరిని ఎంచుకుంటే పిక్. ‘ఐ విల్ పిక్ యు ఎట్ నైన్’ అని బాస్‌కి మెసేజ్ పెడితే ‘తొమ్మిదింటికి నిన్ను ఎంచుకుంటాను’ అన్నట్టుంటుంది. స్వయంవరంలో తప్ప ఆ వాక్యం ఎక్కడా పనికిరాదు. ‘ఐ విల్ పిక్ యు అప్ ఎట్ నైన్’ అనండి.

చోటు చెప్పేటప్పుడు ఫ్రమ్ అన్నా ఎట్ అన్నా సరిపోతుంది. ‘పిక్ మీ అప్ ఫ్రమ్ ది ఎయిర్‌పోర్ట్’, ‘పిక్ మీ అప్ ఎట్ ది ఎయిర్‌పోర్ట్’ రెండూ రైటే. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ 2008లో మొదలైన దగ్గర్నుంచి అమెరికా నుంచి వచ్చేవాళ్లను తీసుకురావడానికి కుటుంబాలు కుటుంబాలే బయల్దేరడం మన ఊళ్లో ఓ పండగ. ‘వుయ్ ఆర్ పికింగ్ మై ఆంట్ అప్ ఫ్రమ్ శంషాబాద్.’ పిన్నిని తీసుకొస్తున్నాం అని. ‘తీసుకురా’లో ఉన్నది ‘తీసుకొని రా’యే, అక్కడా ‘కో’ దాక్కుని ఉంది. పిల్లల్ని స్కూల్ నుంచి తేవడం, డ్రై క్లీనింగ్ బట్టలు తేవడం, కొరియర్ ఆఫీసులో పార్సిల్ తేవడం, అన్నిటికీ ఇదే మాట.

ఒకే వాక్యం రెండు రకాలుగా వినిపించే చోటు కూడా ఇదే. ‘దే పిక్డ్ హిమ్ అప్ ఎట్ మిడ్‌నైట్’ అంటే స్నేహితులు స్టేషన్ నుంచి ఇంటికి తీసుకొచ్చి ఉండొచ్చు, పోలీసులు ఇంటి నుంచి స్టేషన్‌కి తీసుకెళ్లి ఉండొచ్చు. ‘ఎత్తుకెళ్లారు’ అని మనమూ అంటాం కదా. ‘దే’ ఎవరో తెలిస్తే గానీ చెప్పలేం.

నాలుగోది: వస్తూ వస్తూ తెచ్చేవి

సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే అమ్మ ఫోన్: “వస్తూ వస్తూ పెరుగు ప్యాకెట్, కరివేపాకు పట్రా.” ఈ ‘వస్తూ వస్తూ’ మొత్తం ఇంగ్లిష్‌లో పిక్ అప్‌లో ఇమిడిపోతుంది. ‘కెన్ యు పిక్ అప్ సమ్ కర్డ్?’ అంటే దాని కోసమే ప్రత్యేకంగా వెళ్లక్కర్లేదు, దారిలో ఆగి తెచ్చెయ్ అని. ‘బయ్ సమ్ కర్డ్’ అన్నా తప్పు కాదు, కానీ ఆ తేలికదనం పోతుంది.

అనుకోకుండా, చవగ్గా దొరికిన వాటికీ ఇదే. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలు తిరగేస్తూ మూడు పుస్తకాలు 200కి తెచ్చుకుంటే ‘ఐ పిక్డ్ అప్ త్రీ బుక్స్ ఫర్ టూ హండ్రెడ్’. అదే జోరులో ‘ఐ పిక్డ్ అప్ ఎ ఫ్లాట్ ఇన్ నార్సింగి’ అంటే కొత్తిమీర కట్ట కొన్నంత సులువుగా ఫ్లాట్ కొన్నట్టుంటుంది. ఇరవై ఏళ్లు ఈఎంఐ కట్టేవాళ్లు ఆ మాట అనరు.

ఐదోది: వంటబట్టినవి, అంటుకున్నవి

‘పిక్ అప్ ఎ లాంగ్వేజ్’ దగ్గర ‘కో’ పరీక్ష చాలదు. నేర్చుకోవడంలో ‘కో’ ఉంది కానీ, లర్న్ అన్నా నేర్చుకోవడమే. ఇక్కడ మన వంటబట్టడం అన్న మాట బాగా సరిపోతుంది.

దేశంలో ఇంగ్లిష్ టీచర్లకు ట్రైనింగ్ ఇవ్వడానికి 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పెట్టింది మన ఊళ్లోనే. అదే పెరిగి 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయి, ఇప్పుడు ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ, పొట్టిగా ఇఫ్లూ అని పిలిపించుకుంటోంది. అక్కడ సీటు తెచ్చుకుని, క్లాసులో కూర్చుని, పరీక్షలు రాసి నేర్చుకుంటే లర్న్. అలాంటి ఏ క్యాంపస్ బయటైనా టీ బండి దగ్గర స్టూడెంట్ల మాటలు వినీ వినీ టీ పోసే అబ్బాయికి నాలుగు ఇంగ్లిష్ వాక్యాలు వచ్చేస్తే, అది పిక్ అప్. పాఠం లేదు, ఫీజు లేదు. చుట్టుపక్కల ఉన్నది తనంతట నోటికొచ్చేసింది.

మా పిల్లల్లో ఖమ్మం నుంచి వచ్చినవాళ్లు, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. ఏడాది తిరిగేసరికి వద్దు, అవును, ఎందుకు అనడానికి హైదరాబాదీ ఉర్దూలో, అంటే దక్కనీలో, ‘నక్కో’, ‘హౌ’, ‘కైకూ’ అనేస్తుంటారు. ఎవరు నేర్పారు? ఎవరూ లేదు. ‘దే పిక్డ్ అప్ దక్కనీ ఫ్రమ్ దెయిర్ రూమ్‌మేట్స్.’ ఫ్రమ్ వెనక ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో పెట్టండి, వాక్యం నిండుగా ఉంటుంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో డబ్బు కట్టి, పొద్దున ఏడింటికి లేచి వెళ్లి నేర్చుకున్న జావా ప్రోగ్రామింగ్‌ను మాత్రం ఇంటర్వ్యూలో ‘ఐ పిక్డ్ అప్ జావా’ అనకండి. అంత కష్టపడి, ఏదో గాలికి వచ్చిందన్నట్టు చెప్పుకోవడం ఎందుకు? ‘ఐ లర్న్డ్ జావా’ అనండి. పని చేస్తూ చేస్తూ తెలుసుకున్నవి ఉంటే వాటికి పిక్ అప్ వాడండి: ‘ఐ పిక్డ్ అప్ సమ్ టెస్టింగ్ ఆన్ ది జాబ్.’

మాటలే కాదు, అలవాట్లూ అంటుకుంటాయి, జలుబులూ అంటుకుంటాయి. ‘ఐ పిక్డ్ అప్ ఎ కోల్డ్ ఆన్ ది బస్.’ బయట తిన్న పానీపూరితో కడుపు చెడితే ‘ఐ పిక్డ్ అప్ ఎ స్టమక్ బగ్’. ఒకరి నుంచి ఒకరికో, తిండి నుంచో నీళ్ల నుంచో వచ్చే వాటికే ఇది. బీపీ, షుగర్ లాంటివి పిక్ అప్ కావు. అవి ఎక్కడా అంటుకునేవి కాదు కదా.

ఆఫీసు కాల్‌లో వినిపించేవి

మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఉద్యోగం చేసేవాళ్లకు అసలు టెన్షన్ పెట్టేది ఈ భాగం. పొద్దున ఎవరెవరు ఏం చేస్తున్నారో చెప్పుకునే చిన్న స్టాండప్ మీటింగ్‌లో “హూ ఈజ్ పికింగ్ దిస్ అప్?” అని వినపడుతుంది. ఏదో కింద పడిందని చూడకండి. ఈ పని ఎవరు తలకెత్తుకుంటున్నారు అని అడుగుతున్నారు. మీరే చేస్తానంటే “ఐ విల్ పిక్ ఇట్ అప్” అనాలి. ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోవడం కష్టం, కాబట్టి కాస్త ఆలోచించే అనండి.

టైమ్ అయిపోతే “లెట్స్ పిక్ దిస్ అప్ టుమారో” అంటారు. ఇవాళ ఆపిన చోట రేపు అందుకుందాం అని. మీటింగ్ మధ్యలో “ఐ వాంట్ టు పిక్ అప్ ఆన్ వాట్ యు సెడ్” అంటే, ఇందాక మీరన్న ముక్క పట్టుకుని కాస్త మాట్లాడతాను అని. ఇదే పిక్ అప్ ఆన్‌కి పసిగట్టడం అన్న అర్థం కూడా ఉంది. పైకి అందరూ నవ్వుతూ మాట్లాడుతున్నా ఇద్దరి మధ్య ఏదో చెడిందని మీకు తెలిసిపోతే ‘ఐ పిక్డ్ అప్ ఆన్ ఇట్’. ఆన్ తప్పకుండా ఉండాలి.

ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో నాకు ఎక్కువగా తగిలినది ఇంకొకటి: “యువర్ మైక్ ఈజ్ పికింగ్ అప్ సమ్ నాయిస్.” మైక్ ఏదో చప్పుడు అందుకుంటోందట. మా ఇంట్లో అది కుక్కర్. మూడో విజిల్ దాకా మ్యూట్‌లో ఉండి, తర్వాత మాట్లాడేదాన్ని. రేడియో స్టేషన్‌ను అందుకున్నా, ఫోన్ సిగ్నల్‌ను అందుకున్నా ఇదే మాట. గిటార్ తీగల కదలికను కరెంటుగా మార్చే ముక్కను కూడా అందుకే పికప్ అంటారు.

ఇక డబ్బు. ఖర్చు సంగతి చెప్పాను. హోటల్లో “ఐ విల్ పిక్ అప్ ది బిల్” అంటే బల్ల మీద కాగితం తీసి చూస్తానని కాదు, నేనే కడతానని. అమెరికా వాళ్లు బిల్లును ట్యాబ్ అని కూడా అంటారు. “ఐ విల్ పిక్ అప్ ది ట్యాబ్” అన్నాడని, బల్ల మీదున్న తన ట్యాబ్లెట్‌ను గబుక్కున బ్యాగులో పెట్టేసుకున్న కొలీగ్ ఉన్నాడు నాకు. పేరు చెప్పను, ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నాడు.

‘ఇట్’ను మధ్యలో కూర్చోబెట్టండి

వ్యాకరణం కొంచెమే, కానీ మార్కులు పోయేది ఇక్కడే. పార్సిల్ అన్న మాటను వెనకైనా పెట్టొచ్చు, మధ్యలోనైనా పెట్టొచ్చు: ‘పిక్ అప్ ది పార్సిల్’, ‘పిక్ ది పార్సిల్ అప్’. ఇట్, హిమ్, హర్, దెమ్, మీ, యు లాంటి పొట్టి మాటలు మాత్రం మధ్యలోనే కూర్చోవాలి. ‘పిక్ ఇట్ అప్’ రైటు, ‘పిక్ అప్ ఇట్’ తప్పు. షేర్ ఆటోలో సన్నగా ఉన్నవాణ్ని ఇద్దరి మధ్య కూర్చోబెడతారు చూడండి, అలా.

పేరు పొడుగ్గా ఉంటే చివరనే ఉంచండి. ‘పిక్ అప్ ది పార్సిల్ దట్ కేమ్ ఫ్రమ్ విజయవాడ యెస్టర్డే.’ అంత సామాను మధ్యలో కుక్కి చివర్లో అప్ అంటే, వినేవాడు అప్పటికి పిక్ సంగతి మర్చిపోతాడు. పిక్ అప్ ఆన్ మాత్రం విడిపోదు. ఇట్ కూడా చివరే వస్తుంది: ‘పిక్ అప్ ఆన్ ఇట్’.

చెవిని అలవాటు చేయండి

రాసినట్టు ఎవరూ పలకరు. ‘పిక్ ఇట్ అప్’ గబగబా అంటే ‘పికిటప్’ అని ఒకే మాటలా వస్తుంది. ‘పిక్డ్ అప్’ అని నేను ఇక్కడ రాస్తున్నా, నోట్లో వచ్చేది ‘పిక్టప్’. చివర ‘డ్’ కాదు, ‘ట్’. ‘పిక్కెడ్ అప్’ అని సాగదీసే అలవాటుంటే ఇవాళే మానేయండి, ఇంటర్వ్యూలో చప్పున పట్టేస్తారు. క్రియలో బరువు ‘అప్’ మీద, నామవాచకంలో బరువు ‘పిక్’ మీద. అద్దం ముందు పది సార్లు అనుకుంటే చాలు.

కాస్త చూసుకుని వాడాల్సినవి

‘ఫోన్ లిఫ్ట్ చేయట్లేదు’ మన తెలుగులో హాయిగా నడిచే మాట. దాన్నే తీసుకెళ్లి ‘హి ఈజ్ నాట్ లిఫ్టింగ్ ది ఫోన్’ అంటే మనవాళ్లకు అర్థమవుతుంది, బయటి దేశాల వాళ్లకు ఫోన్ ఏదో బరువున్నట్టు తోస్తుంది. పిక్ అప్, లేదంటే ఆన్సర్.

అమ్మాయిలు, అబ్బాయిల సంగతి. ‘ఐ పిక్డ్ అప్ ఎ గర్ల్ ఎట్ ఎ పార్టీ’ అంటే పార్టీ నుంచి ఇంటి దగ్గర దింపానని కాదు. ముక్కూ మొహం తెలియని అమ్మాయితో చనువు పెంచుకుని వెంటబెట్టుకెళ్లాడని. మా క్లాసులో ఓ అబ్బాయి అమాయకంగా చెల్లెల్ని హాస్టల్ నుంచి తీసుకొచ్చిన సంగతి చెప్తూ ‘ఐ పిక్డ్ అప్ ఎ గర్ల్’ అని మొదలుపెట్టాడు. ‘మై సిస్టర్’ అని పేరు చెప్పి, ఎక్కడి నుంచో చెప్తే ఏ గొడవా లేదు.

బండి పికప్ గురించి అడుగుతుంటారు. ‘పికప్ లేదు’ అనే మన మాటకు ఇంగ్లిష్ డిక్షనరీల్లోనూ చోటుంది, కానీ యాక్సిలరేషన్ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. మెట్రో రైలు స్టేషన్ దాటి వేగం అందుకుంటే ‘ది ట్రైన్ పిక్డ్ అప్ స్పీడ్’. వెనక తొట్టి ఉండే సామాన్ల బండి పికప్ ట్రక్. ఇందులో చెప్పేదేం లేదు.

ప్రాక్టీసు

వారం రోజులు ఒక చిన్న నోట్‌బుక్ జేబులో పెట్టుకోండి. ఫోన్‌లో అయినా సరే, కానీ నా అనుభవంలో కాగితం మీద రాసినవే నిలుస్తాయి. ఆ రోజు మీ జీవితంలో ‘కో’తో జరిగిన పనులు తెలుగులోనే రాసుకోండి. క్యాబ్ వాడు ఎక్కించుకున్నాడు. తమ్ముడికి జలుబు అంటుకుంది. ఆగిన పని మళ్లీ అందుకున్నాను. టీ డబ్బులు నేనే పెట్టుకున్నాను. రాత్రి పడుకునే ముందు వాటిలో పిక్ అప్ సరిపోయేవి మాత్రం ఇంగ్లిష్‌లోకి మార్చండి. మూడు వస్తే చాలు. వెనక ఏముందో, ఇట్ ఎక్కడుందో చూసుకుని, ఒకసారి పైకి చదవండి. సరిపోనివి కొట్టేయండి. అసలు నేర్పేవి ఆ కొట్టేసినవే.

తలకిందులుగా కూడా చేయొచ్చు. కింది వాక్యం పోయినవారం మా బ్యాచ్‌కి ఇచ్చాను. పన్నెండుమందిలో నలుగురు రైటు చెప్పారు.

‘మై డ్రైవర్ కాల్డ్, బట్ ఐ డిడ్న్ట్ పిక్ అప్, సో హి డిడ్న్ట్ పిక్ మీ అప్, అండ్ బై ది టైమ్ ది రెయిన్ పిక్డ్ అప్, మై ఫ్రెండ్ హాడ్ టు పిక్ అప్ ది ఆటో ఫేర్.’

డ్రైవర్ ఫోన్ చేశాడు, నేను ఎత్తలేదు, అతను ఎక్కించుకోలేదు, వాన జోరందుకునేసరికి ఆటో డబ్బులు నా ఫ్రెండ్ నెత్తిన పడ్డాయి. తప్పు చెప్పిన ఎనిమిదిమందిలో ఆరుగురు ఆటోను ఎత్తించేశారు.